సిలికేట్ ఫాస్ఫర్ పొడుల కిట్: పొడులు బాగున్నాయి, టార్చ్ దండగ

విశాఖ డాబా గార్డెన్స్‌లో ల్యాబ్ సామాన్లు అమ్మే ఒక షాపులో, డిగ్రీ పిల్లలకు చూపించడానికని ఈ ఫాస్ఫర్ల (యూవీ, అంటే అతినీలలోహిత కాంతి, పడితే వెలిగే పొడుల) కిట్ తీసుకున్నాను. నాలుగు గాజు సీసాల్లో నాలుగు తెల్ల పొడులు, ఒక యూవీ టార్చ్. "లైట్ ఆపేసి టార్చ్ వేయండి సార్, అన్నీ వెలుగుతాయి" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. అన్నీ వెలగవు.

ముందు బాగున్నది చెబుతా. ఒక సీసాలో ఏమీ కలపని జింక్ సిలికేట్, ఇంకోదాంట్లో అదే జింక్ సిలికేట్‌కి చిటికెడు మాంగనీస్ కలిపింది. పగటి వెలుతురులో ఏది ఏదో ఎవరూ పోల్చలేరు. 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న యూవీ కింద పెడితే మాత్రం మాంగనీస్ పొడి పచ్చగా, 525 నానోమీటర్ల దగ్గర భగ్గుమంటుంది, ఏమీ కలపనిది దాదాపు ఉలకదు పలకదు. మాంగనీస్ ఎక్కువ వేస్తే వెలుగు పెరుగుతుందేమో అని పిల్లలు కచ్చితంగా అడుగుతారు. ఒక హద్దు దాటాక తగ్గుతుంది, ఇక ఇనుము కాస్త చేరినా చాలు, వెలుగు చచ్చిపోతుంది.

మూడో పొడి కాల్షియం సిలికేట్, అందులోనూ మాంగనీసే, కానీ వచ్చేది నారింజ రంగు. జింక్ సిలికేట్‌లో మాంగనీస్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ఇక్కడ ఆరు, తేడా అక్కడే. దీంట్లో లెడ్ (సీసం లోహం) కూడా ఉంటుంది, యూవీని పట్టి మాంగనీస్‌కి అందించేది అదే. ఆ లెడ్ సంగతి లేబుల్ మీద ఎక్కడా లేదు, ఇది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. చేతులతో ముట్టుకోనివ్వకండి.

ఇక టార్చ్. అది 365 నానోమీటర్లది. మాంగనీస్ పొడులు రెండూ దానికి సరిగ్గా స్పందించవు. మా ల్యాబులో టీఎల్‌సీ ప్లేట్లు (మిశ్రమాల్లోని పదార్థాలను విడదీసి చూసే పలకలు) చూసే పెట్టెలో 254 దీపం ఉంది కాబట్టి బతికిపోయాను (ఆ ప్లేట్ల మీద మెరిసే పచ్చదనం కూడా చాలావాటిలో ఈ మాంగనీస్ జింక్ సిలికేటే). పొడిని సీసాలోంచి తీసి పెట్టాలి, మామూలు గాజు 254ని లోపలికి రానివ్వదు. కళ్లకీ చర్మానికీ ఆ వెలుగు తగలకూడదు, పెట్టె మూసే చూడండి.

టార్చ్‌తో పనిచేసేది నాలుగోదొక్కటే, స్ట్రాన్షియం మెగ్నీషియం సిలికేట్. వెలిగేది అందులో కలిపిన యూరోపియం అనే లోహం, దాంతోపాటు కలిపిన డిస్ప్రోసియం వల్ల ఆ వెలుగు టార్చ్ ఆపేశాక కూడా నీలంగా నిలుస్తుంది. బజార్లో దొరికే, పచ్చగా వెలిగే అల్యూమినేట్ పొడి కంటికి ఇంకా బాగా కనిపిస్తుంది గానీ, తేమ తగిలితే పాడవుతుంది. మన బీచ్ గాలికి సిలికేటే నయం.

టార్చ్ వద్దు, ధర తగ్గించమని అడిగి చూడండి. నాకైతే తగ్గించలేదు.