పంచ్ చివరి అక్షరం దాకా వినపడాలంటే: బోయా బివై-ఎం1 కాలర్ మైక్

"నీ అప్పు తీర్చేద్దామనే వచ్చాన్రా, ఒక రెండు వేలుంటే ఇవ్వు." ఈ డైలాగులో నవ్వంతా చివరి మాటలో ఉంది. తెలుగు వాక్యం నడకే అంత. క్రియ ఆఖర్న వస్తుంది, పంచ్ దాన్ని పట్టుకుని ఉంటుంది. చిక్కేమిటంటే మాట్లాడేవాళ్ళ ఊపిరి కూడా సరిగ్గా అక్కడికొచ్చేసరికే సన్నగిల్లుతుంది. ఏడెనిమిది అడుగుల దూరంలో స్టాండు మీద ఉన్న ఫోనుకు "నీ అప్పు తీర్చేద్దామనే" బాగానే చేరుతుంది. "ఇవ్వు" మాత్రం ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. చూసేవాళ్ళు వెనక్కి జరిపి మళ్ళీ వినరు, వేలితో పైకి తోసేస్తారు.

అందుకే వారమంతా ఉద్యోగం చేసి ఆదివారం స్కిట్లు తీసేవాళ్ళు మొదట డబ్బు పెట్టాల్సింది కెమెరా మీదా కాదు, లైట్ల మీదా కాదు, మైకు మీద. ఆ మొదటి మైకుగా బోయా బివై-ఎం1 ఇప్పటికీ సరైన ఎంపికే. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. వైరు మైకు కాబట్టి ఛార్జింగ్ గొడవ లేదు. అయితే పెట్టె విప్పి ఫోనుకు గుచ్చితే చాలు అనుకుంటే నిరాశ తప్పదు. దీని మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మైకు కాదు, దాన్ని వాడే తీరు.

పెట్టెలో ఉండేవి ఇవి: 6 మీటర్ల వైరుతో మైకు, కాలరుకు పెట్టుకునే క్లిప్పు, స్పాంజి తొడుగు, ఒక ఎల్ఆర్44 బటన్ బ్యాటరీ, పెద్ద 6.3 మిల్లీమీటర్ల సాకెట్లకు పనికొచ్చే అడాప్టరు, చిన్న సంచి. మైకు తల ప్లాస్టిక్‌ది. ఖరీదైన కాలర్ మైకులతో పోలిస్తే కాస్త లావుగా, కంటికి ఆనేలా ఉంటుంది. టీ-షర్టు మీద నల్లగా కనిపిస్తుందని ఇబ్బంది పడకండి. మైకు కనపడినందుకు స్కిట్ మధ్యలో ఎవరూ లేచిపోరు, మాట వినపడకపోతే లేచిపోతారు.

వైరు మధ్యలో ఉన్న చిన్న పెట్టెలో ఒక స్విచ్ ఉంటుంది. గందరగోళమంతా ఇక్కడే. ఫోనుకు పెట్టినప్పుడు దాన్ని స్మార్ట్‌ఫోన్ వైపు ఉంచాలి. అప్పుడు మైకుకు కరెంటు ఫోనే ఇస్తుంది, బ్యాటరీతో పని లేదు. డీఎస్ఎల్ఆర్ లాంటి కెమెరాకు పెట్టినప్పుడు కెమెరా వైపు తోయాలి. అప్పుడు బ్యాటరీ ఉండి తీరాలి. షూటింగ్ అయ్యాక స్విచ్ అలాగే కెమెరా వైపు వదిలేస్తే బ్యాటరీ నిశ్శబ్దంగా ఖాళీ అయిపోతుంది, వచ్చే ఆదివారానికి మైకు మూగబోతుంది. కెమెరాతో తీసేవాళ్ళు సంచిలో రెండు బ్యాటరీలు అదనంగా ఉంచుకోండి. వాచీలు బాగుచేసే కొట్టులో కూడా దొరుకుతాయి.

ప్లగ్గు 3.5 మిల్లీమీటర్లది, మూడు నల్ల గీతలతో నాలుగు భాగాలుగా ఉంటుంది. హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్న ఫోనుకు నేరుగా సరిపోతుంది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఆ రంధ్రమే లేదు కాబట్టి టైప్-సి అడాప్టరు కొనాలి, డబ్బు వృథా అయ్యేది కూడా ఇక్కడే. చవక అడాప్టర్లలో రెండు రకాలుంటాయి. ఒకటి వైర్లను కలిపి ఊరుకుంటుంది. రెండోదాంట్లో ధ్వనిని డిజిటల్‌గా మార్చే చిప్ ఉంటుంది. మొదటి రకం అన్ని ఫోన్లలో పనిచేయదు. రెండోదాంట్లో కూడా పాటలు వినడానికి మాత్రమే పనికొచ్చి మైకును పట్టించుకోనివి ఉన్నాయి. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట కొంటుంటే మీ ఫోను, మైకు, అడాప్టరు మూడూ కలిపి అక్కడే నిలబడి రికార్డు చేసి వినండి. ఆన్‌లైన్‌లో అయితే వెనక్కి తీసుకునే గడువు చూసి కొనండి. ఈ మైకుకు నకిలీలు కూడా తిరుగుతున్నాయి, ధర మరీ సగానికి దిగితే అనుమానించాలి.

మైకు గుచ్చినంత మాత్రాన ఫోను దాన్ని వాడుతోందని అనుకోకండి. కొన్ని ఫోన్ల సొంత కెమెరా యాప్ బయటి మైకును వదిలేసి తన మైకుతోనే రికార్డు చేసుకుంటూ పోతుంది. పరీక్ష సులువు. రికార్డు నొక్కి ముందు మైకు తల మీద, తర్వాత ఫోను అడుగున గోటితో గీకండి. వినేటప్పుడు రెండోది పెద్దగా వినిపిస్తే మీ మైకు అలంకారానికే ఉన్నట్టు. ఆండ్రాయిడ్‌లో ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్‌లో వీడియో సెట్టింగుల్లోకి వెళ్ళి ఆడియో సోర్స్ దగ్గర బయటి మైకును ఎంచుకోవచ్చు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ కూడా ఉచితమే, అందులో శబ్దం స్థాయి చూపే మీటరు ఉంటుంది. ఈ మైకుకు హెడ్‌ఫోన్ పెట్టుకుని అక్కడికక్కడే వినే సదుపాయం లేదు, నిజంగా లోటే. కాబట్టి మీటరు చూడాలి, ప్రతి సీను మొదటి టేకును ఆపి విని చూడాలి.

ఇక పెట్టే చోటు. గడ్డం కింద జానెడు దూరంలో, ఛాతీ మధ్యలో. ఇంకా పైకి, గొంతు దగ్గరికి జరిపితే గడ్డం నీడ పడి మాట మూసుకుపోయినట్టు ఉంటుంది. దూరం రెట్టింపైతే గొంతు స్థాయి దాదాపు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) పడిపోతుంది, గది చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. మైకు జేబు దగ్గరికి జారితే వినపడే తేడా అదే. బట్ట సంగతి కూడా చూడాలి. గంజి పెట్టిన చొక్కా, షిఫాన్ చీర, పట్టు, నైలాన్ జాకెట్ కదిలినప్పుడల్లా గరగరమంటాయి. మెత్తటి నూలు బట్ట మేలు. చీర మీదైతే పైట అంచుకు కాకుండా జాకెట్టు మెడ దగ్గర పెట్టి, పైట మైకును రాసుకోకుండా పిన్నీసు పెట్టాలి. మైకు కింద వైరును చిన్న చుట్టగా తిప్పి మందుల షాపులో దొరికే పేపర్ టేపుతో లోపలి బట్టకు అంటించండి. అప్పుడు నటుడు చెయ్యి విసిరినా ఆ లాగుడు మైకు దాకా రాదు. కామెడీలో చేతులు ఊరుకోవు కదా.

ఇది అన్ని దిక్కుల నుంచీ సమానంగా వినే మైకు. దానివల్ల మేలూ ఉంది, కీడూ ఉంది. తల ఇటు తిప్పినా అటు తిప్పినా మాట పోదు. కానీ ఖాళీ గదిలో గోడల ప్రతిధ్వనిని కూడా అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. అద్దె ఇంటి హాల్లో గ్రానైట్ నేల, నున్నటి గోడలు ఉంటే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, ఎడిటింగ్‌లో అది పూర్తిగా పోదు. కెమెరాకు కనపడని వైపు రెండు బొంతలు వేలాడదీసి, నేల మీద రగ్గు పరిస్తే సగం బాధ తీరుతుంది. పరుపు ఉన్న పడకగది హాలు కంటే ఎప్పుడూ నయం.

ఫ్యాను ఆపాల్సిందే. ఎండాకాలంలో కష్టమే కాబట్టి మూడేసి నిమిషాల ముక్కలుగా తీసి మధ్యలో వేసుకోండి. ఫ్రిజ్ కూడా ఆపండి, ఆపినప్పుడు బండి తాళాలు అందులో పెట్టండి. మళ్ళీ ఆన్ చేయకుండా ఇంట్లోంచి కదల్లేరు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో, ఛార్జరు తీసేసి ఉండాలి. ఛార్జింగ్ పెట్టి రికార్డు చేస్తే చాలాసార్లు గుయ్యిమనే హమ్ వస్తుంది, దాన్ని మైకు లోపమనుకుని తిప్పి పంపేవాళ్ళున్నారు.

కామెడీ తీసేవాళ్ళను ప్రత్యేకంగా వేధించే ఇబ్బంది ఒకటుంది. ఫోను తనంతట తాను శబ్దాన్ని సర్దుతుంది. ఎవరూ మాట్లాడకపోతే స్థాయి పెంచుతుంది, గట్టిగా మాట్లాడగానే తగ్గిస్తుంది. పెళ్ళి ప్రసంగానికి ఫరవాలేదు. స్కిట్‌లో పంచ్‌కు ముందు ఒక మౌనం ఉంటుంది. ఆ అర సెకను మౌనంలో గది చప్పుడు అలలా లేస్తుంది, తర్వాత పంచ్ మొదటి అక్షరం పగిలి, మిగతాది అణిగిపోతుంది. నటుడు సరిగ్గా చేసిన టైమింగును యంత్రం చెడగొట్టినట్టు. యాప్‌లో శబ్దం స్థాయిని చేత్తో పెట్టుకునే వీలుంటే తప్పకుండా పెట్టుకోండి. స్కిట్‌లో అన్నిటికంటే గట్టిగా అరిచే డైలాగు ఏదో అది చెప్పించి, మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా సర్దండి. మామూలు మాట మైనస్ 12 దగ్గర ఆడితే చాలు. ఆ తర్వాత ముట్టుకోకండి.

ఇద్దరు నటులుంటే ఏం చేయాలి? బోయాలోనే రెండు తలల రకం ఉంది గానీ ఫోను మైకు ఇన్‌పుట్ మోనో, అంటే ఒకే దారి కాబట్టి రెండు గొంతులూ ఒకే ట్రాక్‌లో కలిసిపోతాయి, తర్వాత విడదీయలేరు. అంతకంటే రెండు బివై-ఎం1లు, రెండు ఫోన్లు మేలు. ఒక మైకు తీసే ఫోనుకు, రెండోది రెండో నటుడి జేబులోని ఫోనుకు పెట్టి వాయిస్ రికార్డర్ నడపండి. టేకు మొదట్లో కెమెరాకు కనపడేలా ఒకసారి చప్పట్లు కొట్టండి, ఆ చప్పుడు రెండు రికార్డింగుల్లోనూ పడాలి. డావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో రెండు ఫైళ్ళనూ ఎంచుకుని ఆటో సింక్ ఆడియోలో వేవ్‌ఫామ్ ఎంచుకుంటే తానే కలుపుతుంది. అది తప్పినప్పుడు చప్పట్లు ఆదుకుంటాయి. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము అంటే 40 మిల్లీసెకన్లు. రెండు మూడు ఫ్రేములు తేడా వస్తే పెదవులు ఒకటి, మాట ఇంకోటి అయినట్టు కనిపిస్తుంది. చాలా ఫోన్లు ఫ్రేము వేగాన్ని మార్చుకుంటూ తీస్తాయి కాబట్టి టేకు పొడవు పెరిగేకొద్దీ మాట బొమ్మ నుంచి జారుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చాక ఎడిటింగ్‌కు కూర్చోండి.

రెండు మైకులూ తెరిచి ఉంచి కలిపితే గొంతు బోలుగా వస్తుంది. ఒకే మాట రెండు మైకుల్లో కొద్ది తేడాతో పడటమే కారణం. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ ట్రాకు ఉంచి రెండోదాన్ని 10, 12 డెసిబెల్స్ దించండి. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడే చోట మాత్రం రెండూ వదలండి, అక్కడ ఆ గోలే అందం. దించిన చోట్ల వెలితి తెలియకుండా ఉండాలంటే ప్రతి సీను చివర అందరూ కదలకుండా 30 సెకన్ల గది నిశ్శబ్దం రికార్డు చేసుకోండి, దాన్ని అడుగున పరవండి. కొత్తవాళ్ళు వదిలేసే పని ఇదొక్కటే, తర్వాత అందరూ విచారించేదీ దీనికే.

రెండో మైకుకు డబ్బు లేదంటే ఉన్నదాన్నే సెల్ఫీ స్టిక్ చివర టేపుతో కట్టి, ఫ్రేముకు పైన తలలకు మూర దూరంలో పట్టుకోండి. 6 మీటర్ల వైరు అప్పుడు పనికొస్తుంది. చిన్న గదిలో కూర్చుని మాట్లాడుకునే సీన్లకు ఇది సరిపోతుంది.

ఎడిటింగ్‌లో ఎక్కువ చేయొద్దు. 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఉన్న మంద్రమైన ధ్వనిని కోసేస్తే వాహనాల గుర్రుమనే చప్పుడు పోతుంది. నాయిస్ తగ్గించే మీటను చివరిదాకా తిప్పితే మాట చివరి అచ్చులు కూడా చెరిగిపోతాయి. "అవునాఆ" అని సాగదీసిన వెటకారం "అవునా" అయిపోతుంది. యాస మీద నడిచే స్కిట్లకు, అది వరంగల్‌దైనా అమలాపురానిదైనా, ఈ నష్టం చాలా పెద్దది. మొత్తం స్థాయి మైనస్ 14 లఫ్స్ (వీడియో మొత్తం మీద శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర పెట్టండి. యూట్యూబ్ అంతకంటే గట్టిదాన్ని తగ్గిస్తుంది గానీ నీరసంగా ఉన్నదాన్ని పెంచదు.

మేడ మీద షూటింగులకు ఈ మైకు చాలదు. వచ్చే స్పాంజి ఊపిరి తాకిడిని ఆపుతుంది, గాలిని ఆపదు. బొచ్చు తొడుగు విడిగా కొనాలి, నటుడి వీపు గాలి వైపు తిప్పాలి. పరుగులు, వెంటపడటాలు, బైకు సీన్లు ఉన్న స్కిట్లకైతే వైరు కాళ్ళకు చుట్టుకుంటుంది, వాటికి వైర్‌లెస్ తప్పదు. గుసగుసలు ఎక్కువున్న సీన్లలో సన్నటి హిస్ వినిపిస్తుంది, ఈ ధరలో అది భరించాల్సిందే.

అయినా ఇరవై ముప్పై వేలు పెట్టి వైర్‌లెస్ సెట్టు ఇప్పుడే కొనమని చెప్పలేము. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ ఉండాలి. అప్పటిదాకా సామాను ఖర్చంతా జీతంలోంచే. ఆ మిగిలిన డబ్బు ఒక నెల సెలవు పెట్టి స్క్రిప్టులు రాసుకోవడానికి పనికొస్తుంది. రచయితగానో, నటిగానో, డబ్బింగుకో పని అడుగుతూ పంపే లింకును అవతలివాళ్ళు ఆఫీసులో ఫోను స్పీకరులోనే వింటారు. అక్కడ మీ మాట చివరి అక్షరం దాకా తెలిస్తే చాలు, మైకు ఎంతదని ఎవరూ అడగరు.

చివరగా వైరు జాగ్రత్త. మోచేతికి బిగించి చుట్టకండి, లోపలి తీగ మెలిపడి ప్లగ్గు దగ్గర తెగుతుంది. అరచెయ్యంత వదులు చుట్లు చుట్టి రబ్బరు బ్యాండుతో కట్టండి, ఫోనులోంచి తీసేటప్పుడు వైరును కాకుండా ప్లగ్గును పట్టుకుని లాగండి.