స్లీపర్ యాప్‌లో కీపర్ డ్రాఫ్ట్: రన్నింగ్ బ్యాక్‌ల లెక్క

నిజం ఆటగాళ్లతో ఊహా టీములు కట్టి ఆడే ఫాంటసీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో, కిందటి సీజన్ ఆటగాళ్లలో కొందర్ని అట్టేపెట్టుకుని మిగతావాళ్లని డ్రాఫ్ట్‌లో వంతులవారీగా ఎంచుకునేదే కీపర్ లీగ్. దానికి స్లీపర్ యాప్ చక్కగా సరిపోతుంది. ఎవరు ఎవర్ని అట్టేపెట్టుకున్నారో, అందుకు ఏ రౌండ్ పిక్ (ఎంచుకునే వంతు) పోతుందో లీగ్ నడిపే కమిషనర్ ముందే డ్రాఫ్ట్ బోర్డులో పెట్టేయొచ్చు. అసలు లెక్క తేలేది అప్పుడే. 12 టీముల్లో ఎనిమిది మంది టాప్ రన్నింగ్ బ్యాక్‌లను (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లని) ఉంచుకున్నారంటే, మొదటి పిక్‌కి మిగిలేది తొమ్మిదోవాడే. యాప్‌లో కనిపించే ఏడీపీకి (ఒక్కో ఆటగాణ్ని సగటున ఎన్నో పిక్‌లో తీసుకుంటున్నారన్న లెక్కకి) మీ లీగ్ కీపర్ల సంగతి తెలియదు. దాన్నే నమ్మి, విసిరిన బంతిని అందుకునే రిసీవర్లతో మొదలుపెడితే మూడో రౌండ్‌కి మంచి బ్యాక్ దొరకడు. మొదటి రెండు పిక్‌లలో ఒకటి బ్యాక్‌కే ఇవ్వండి.

వయసూ చూడాలి. 28 ఏళ్ల రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెకాఫ్రీ 2024లో గాయాలతో నాలుగే మ్యాచ్‌లు ఆడాడు. 27 ఏళ్ల సేక్వాన్ బార్క్లీ మాత్రం అదే సీజన్‌లో ఈగిల్స్ టీము లైన్ (బ్యాక్‌కి దారి చేసిపెట్టే ముందు వరస) వెనకాల 2,005 గజాలు పరిగెత్తాడు! లైన్ బలం అంత ముఖ్యం. చివరి రౌండ్లలో మీ బ్యాక్‌కి బ్యాకప్‌ని తప్పక తీసుకోండి.