పర్లాకిమిడిలో తూకం మన కళ్ళెదురుగా వేసే కిరాణా షాపు

పర్లాకిమిడి వాళ్ళకీ, పాతపట్నం వైపు నుంచి సరుకులకి వచ్చేవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నా, కాస్త పెద్దదే అయింది, ఓపిగ్గా చదవండి. మా ఇంటికి నెల సరుకులు ఈ షాపు నుంచే వస్తాయి. సరుకు బాగుంటుందని అందరికీ తెలుసు, రేట్లు మరీ తక్కువేం కాదు, బజార్లో ఉన్నట్టే ఉంటాయి, అయినా మేం వేరే చోటికి వెళ్ళంది ఎందుకంటే ఇక్కడ తూకం మన కళ్ళెదురుగా పడుతుంది, ఇచ్చిన డబ్బుకి రావాల్సినంత సరుకూ వస్తుంది.

ముందు కాటా గురించి చెప్తా. చాలా షాపుల్లో కాటా సావుకారు వైపు తిరిగి ఉంటుంది, మనవైపు డబ్బాలో షాంపూ ప్యాకెట్ల దండలో అడ్డం, అంకె కనపడదు, ఆయన "కిలో అయిందమ్మా" అంటే అయిందనుకుని తెచ్చుకోవాలి. ఇక్కడ కాటాకి రెండు వైపులా అంకెలు కనిపిస్తాయి, అడ్డం ఏదీ పెట్టరు. కందిపప్పు అడిగితే ముందు ఖాళీ కవరు పెడతారు, అది పది గ్రాములో ఎంతో చూపిస్తుంది, టేర్ బటన్ నొక్కి సున్నాలు పడేదాకా ఆగి అప్పుడు పప్పు పోస్తారు, పోసాక చెయ్యి తీసేసి అంకె నిలబడేవరకు చూస్తారు, మొగ్గు ఎప్పుడూ మనవైపే. ఎంత రద్దీ ఉన్నా సావుకారు గారు ఈ పద్ధతి మార్చగా నేను చూళ్ళేదు.

కాటా పక్కన చిన్న రేకు ప్లేటు ఉంటుంది, ఎప్పుడైనా చదివారా? మ్యాక్స్ 30 కిలోలు, మిన్ 100 గ్రాములు, "e" అనే అక్షరం పక్కన 5 గ్రాములు అని ఉంటుంది. అంటే ఆ కాటా 5 గ్రాముల మెట్లలో చూపిస్తుంది, 100 గ్రాముల కన్నా తక్కువ సరుకు దాని మీద తూచకూడదు. మరి యాలకులు 20 గ్రాములు, లవంగాలు 10 గ్రాములు చాలా చోట్ల ఆ పెద్ద కాటా మీదే పడేసి ఇచ్చేస్తారు కదా, యాలకుల రేటులో ఆ తేడా ఎంత డబ్బో లెక్కేసుకోండి! ఈ షాపులో అలాంటివాటికి విడిగా చిన్న కాటా ఉంది, దానికీ సీలు ఉంది. సీలు అంటే తూనికలు కొలతల శాఖ వాళ్ళు చెక్ చేసి వేసే ముద్ర, అందులో ఏ సంవత్సరం, ఏ మూడు నెలల్లో వేసారో అంకె, అక్షరం ఉంటాయి. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి, పాత త్రాసుకీ తూనికరాళ్ళకీ రెండేళ్ళకోసారి వేయించుకోవాలి, ఆ సర్టిఫికెట్ కౌంటర్ వెనక గోడకి కనపడేలా తగిలించారు, కొత్తది రాగానే పాతది తీసేసి పెడతారు. పైగా ముద్ర ఉన్న కిలో రాయి ఒకటి కౌంటర్ మీదే ఉంటుంది, అనుమానం ఉన్నవాళ్ళు ఎవరైనా కాటా మీద పెట్టి చూసుకోవచ్చు. మా మామ్మ ప్రతిసారీ పెట్టించి చూస్తుంది, ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు, "చూసుకో మామ్మా, చూసుకోవాలి" అంటారు.

నాకు ఈ షాపు మీద గౌరవం పెరిగింది మాత్రం చింతపండు కొనడం చూసాక. గుమ్మ వైపు కొండల నుంచి సవర ఆడవాళ్ళు చింతపండు, పసుపు బుట్టల్లో తెచ్చి ఇక్కడ అమ్ముతారు. సంతలో కొందరు వ్యాపారులు ఇప్పటికీ సోలలు, మానికలతో కొలిచి తీసుకుంటారు, ఆ మానిక సొట్ట పడిందో అడుగు ఎత్తు పెట్టిందో ఎవరికి తెలుసు, చట్టం ప్రకారం వ్యాపారంలో అవి వాడనే కూడదు. ఇక్కడ సావుకారు గారు నిండు బుట్ట తూస్తారు, సరుకు గుడ్డ మీద పోయించి ఖాళీ బుట్ట మళ్ళీ తూస్తారు, రెండు అంకెలూ కాయితం మీద రాసి, ఎంత తీసేసారో ఎంత మిగిలిందో వాళ్ళ భాషలోనే చెప్తారు, అప్పుడు డబ్బు చేతిలో పెడతారు. మొన్న ఒకావిడ బుట్ట తడిగా ఉంటే, తడి బరువు కూడా బుట్టదే కదా అని, పోసిన వెంటనే ఆరకముందే తూచారు. మనకి అమ్మే కాటా, వాళ్ళ దగ్గర కొనే కాటా ఒకటే, అమ్మడానికి ఒకటి కొనడానికి ఒకటి పెట్టుకునే వాళ్ళని చూసినవాళ్ళకి దాని విలువ తెలుస్తుంది.

ఇంక నూనె డబ్బా సంగతి, పెళ్ళి సరుకులు కొనేవాళ్ళు తప్పకుండా చదవాలి. మా చెల్లి పెళ్ళికి డబ్బాలు కావాలని వెళ్తే ఆయన రెండు చూపించారు, రెండూ ఒకే సైజులో ఉన్నట్టు ఉన్నాయి, ఒకటి చవక. చవకది తీసుకుందామంటే "బాబూ, ఇది 15 లీటర్లు, అది 15 కిలోలు, చదివి తీసుకో" అన్నారు. నూనె లీటరు తూస్తే 910 గ్రాములు ఉంటుంది, అంటే 15 లీటర్ల డబ్బాలో 13 కిలోల 650 గ్రాములే, కిలో 350 గ్రాములు తేడా! చిన్న ప్యాకెట్లతో కూడా ఇదే గొడవ. ఇదివరకు నూనె, టీ పొడి, బిస్కెట్ల లాంటివి ఇన్ని గ్రాములే ప్యాక్ చెయ్యాలని రూల్ ఉండేది, 2021లో సవరించి అది తీసేసారు, బదులుగా గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీద రాయమన్నారు. అందుకే లీటరు ప్యాకెట్లా కనిపించేది తీరా చూస్తే 800, 850 గ్రాములు ఉంటోంది. ఈయన అలాంటి ప్యాకెట్లు ఉన్న అరకి కింద చాక్‌పీసుతో కిలోకి ఎంత పడుతుందో రాసి పెడతారు, తెలుగులో, ఒడియాలో రెండింట్లోనూ. ప్యాకెట్ మీద వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చట్టానికి సరిపోతుంది, మన పెద్దవాళ్ళు చాలామందికి ఆ రెండూ రావు, కాబట్టి ఆ చాక్‌పీసు రాత చాలా పెద్ద సాయం.

జీడిపప్పు అయితే పలాస నుంచి వస్తుంది, డబ్బాల మీద గ్రేడు రాసి ఉంటుంది. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, గరిష్టంగా అన్ని పప్పులు అని లెక్క, అంకె తక్కువైతే పప్పు పెద్దది, రేటూ ఎక్కువ. 240 రకం 100 గ్రాముల్లో 50 పైచిలుకు పప్పులే ఉండాలి, 70 లెక్క తేలితే మీకు 320 రకం అంటగట్టినట్టే. నేను ఇంటికొచ్చి ప్లేట్లో పోసి లెక్కపెట్టా, సరిపోయింది.

ఎంఆర్‌పీ మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోరు, ఎండాకాలంలో కూల్‌డ్రింకుకి ఫ్రిజ్ చార్జీ అనే మాటే లేదు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గినప్పుడు సబ్బులు, పేస్టు, షాంపూ 18 శాతం నుంచి 5కి వచ్చాయి కదా, పాత రేటు ముద్ర ఉన్న స్టాక్‌కి కూడా ఆయన కొత్త రేటే తీసుకున్నారు. అప్పుడే ఇంకో చోట అడిగితే "అది పాత సరుకు, పాత రేటే" అని మొహం మీదే చెప్పారు.

దసరాకి ఇక్కడే ఊళ్ళో ఒక స్వీట్ షాపులో (పేరు వద్దు) కిలో లడ్డు కొంటే అట్టపెట్టెతో కలిపి తూచేసారు. ఇంటికొచ్చి పెట్టె ఒక్కటే తూస్తే 80 గ్రాములు, కిలో 600 అంటే అట్టముక్కకి 48 రూపాయలు ఇచ్చినట్టు. వెనక్కి వెళ్ళి అడిగితే "అందరూ ఇలాగే తూస్తారు" అన్నారు. పెట్టె బరువు సరుకులో కలపకూడదు, తూచేముందే "పెట్టె తీసెయ్యండి" అని గట్టిగా అనండి. వినకపోతే బిల్లు తీసుకుని 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాల్సి వచ్చినా 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. బిల్లు లేకపోతే మాత్రం రుజువు చెయ్యడం కష్టం, ఈ కిరాణా షాపులో అడక్కుండానే బిల్లు ఇస్తారు, అందులో బరువు, రేటు విడివిడిగా ఉంటాయి.

లోపాలు కూడా చెప్పాలి. సాయంత్రం 6 దాటితే చాలా ఆలస్యం, ఒక్కొక్కరికీ ఇంత శ్రద్ధగా తూస్తే లైను కదలదు మరి. కొత్తగా చేరిన కుర్రాడు హడావిడిలో టేర్ నొక్కడం మర్చిపోతున్నాడు, నాకే ఒకసారి పెసరపప్పు అలా వేసాడు, చెప్తే వెంటనే సరిచేసాడు గానీ అందరూ చూసుకోరు కదా, సావుకారు గారూ, ఇది మీరు చదివితే ఆ అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఫోన్‌పే తీసుకుంటారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు మూసేస్తారు, పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళు పొద్దున్నే వస్తే మంచిది, బుధవారం సెలవు.