దమ్ముకి దింపే పాత మాసీ ట్రాక్టరుకి రెడ్ హిల్స్ దగ్గర మంచి షెడ్డు

మా ఊరు సూళ్లూరుపేట దగ్గర, ఉద్యోగం చెన్నైలో. నాన్న వాడిన మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరుని మళ్లీ దమ్ముకి, అంటే నాట్లకి ముందు నీళ్లు పెట్టిన మడిని బురదగా దున్నడానికి, సిద్ధం చేయించాలని చెన్నై శివార్లలో రెడ్ హిల్స్ దాటాక ఉన్న ఒక షెడ్డులో ఇచ్చాం. మాసీ బండ్లు చేసే టాఫే కంపెనీ 1960లో మొదలైంది చెన్నైలోనే కదా, మాసీ లోపలంతా తెలిసిన చేతులు ఇక్కడ ఇంకా దొరుకుతాయి. మూడు సిలిండర్లు, 36 గుర్రాల బండి. బరువు తక్కువ కాబట్టి పెద్ద బండ్లు దిగబడే మడిలో కూడా తేలిగ్గా తిరుగుతుంది.

మేస్త్రీ ఇంజన్ జోలికే పోలేదు. "ముందు నీళ్లెక్కడ దూరుతున్నాయో చూద్దాం అన్నా" అని వెనక ఇరుసు ఆయిల్ దించాడు. నీళ్లు కలిసి తెల్లబడిపోయి ఉంది. రెండు వైపులా సీళ్లు మార్చాడు, ముందు చక్రాల బేరింగులు విప్పి కడిగి గ్రీజు పెట్టాడు. బురద పట్టి అరిగిన బ్రేకు లైనింగులు కొత్తవి వేశాడు. బయటికి కనపడని ఈ పనిని ఇంత శ్రద్ధగా చేసినవాళ్లను నేను చూడలేదు.

కేజ్ వీల్స్, అంటే బురదలో తిరగడానికి వేసే ఇనప పట్టీల చక్రాలు, కూడా అక్కడే కట్టించాం. మా పాతవాటికి పట్టీలు ఇరుకిరుకుగా ఉండి, మధ్యలో బురద పట్టేసి చక్రం ఊరికే జారేది. ఈయన పట్టీలు ఏటవాలుగా, ఎడంగా వేశాడు. మడిలో తిరుగుతుంటే బురద దానంతటదే రాలిపోతోంది.

ఒక్క విషయంలో మాత్రం ఎంత చెప్పినా వినలేదు. బండి ముందు భాగానికి తగిలించే బరువులు లేకుండా బండి ఇవ్వనన్నాడు. కేజ్ వీల్స్ దిగబడి కదలకపోతే ఇంజన్ బలమంతా బండి ముందు భాగాన్నే పైకి లేపుతుంది. వెనక్కి తిరగబడితే కింద ఉండేది డ్రైవరే. మా డ్రైవరు కుర్రాణ్ణి పక్కన నిలబెట్టుకుని, "చక్రానికి దుంగ కట్టి లాగొద్దు తమ్ముడూ. రివర్స్‌లో తియ్యి, రాకపోతే ఇంకో బండిని పిలువు" అని గట్టిగా చెప్పాడు. ఈ మాట కోసమైనా అక్కడికి వెళ్లొచ్చు.

చెప్పిన గడువు కంటే బాగా ఆలస్యం చేశారు, ఫోను ఎత్తరు. బిల్లులో కూలి వేరు, సామాను వేరుగా రాసిచ్చారు, తీసేసిన పాత సీళ్లు కూడా సంచిలో వేసిచ్చారు. కేజ్ వీల్స్‌తో తారు రోడ్డెక్కకూడదు కాబట్టి బండిని టైర్ల మీదే లారీ ఎక్కించాం. మీరూ లారీ కిరాయి లెక్కలో పెట్టుకోండి, బండిని ఎండాకాలంలోనే ఇచ్చేయండి. నాట్లు దగ్గర పడ్డాక వాళ్లకి ఖాళీ ఉండదు.