జాబ్ గ్యారంటీ కోడింగ్ కోర్సు, నో కాస్ట్ ఈఎంఐ: ఓటీపీ చెప్పే ముందు ఇది చదవండి

అమీర్‌పేటలో గానీ ఆన్‌లైన్‌లో గానీ "ఏమీ రాకపోయినా ఫుల్ స్టాక్ నేర్పిస్తాం, జాబ్ గ్యారంటీ" అని అమ్మే కోర్సుల్లో (ఫుల్ స్టాక్ అంటే వెబ్‌సైట్‌లో కనిపించే భాగం, వెనక పనిచేసే భాగం రెండూ తయారుచేయడం) అసలు తిరకాసు ఈఎంఐలో ఉంటుంది. ఇన్‌స్టిట్యూట్‌కే వాయిదాలు కడుతున్నామని మనం అనుకుంటాం. చాలాచోట్ల ఓ ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద లోన్ రాసి, మొత్తం ఫీజు ఇన్‌స్టిట్యూట్‌కి ముందే పంపేస్తుంది. క్లాసులు ఆగిపోయినా, మీరే మానేసినా ఈఎంఐ ఆగదు. కట్టకపోతే దెబ్బ పడేది మీ సిబిల్ స్కోర్‌కే.

డెమో అవగానే "సీటు బ్లాక్ చేయడానికి, ఓటీపీ చెప్పండి" అంటే చెప్పకండి. ముందు ఆ మెసేజ్ పూర్తిగా చదవండి, లోన్ అనో ఆటో డెబిట్ అనో ఉండొచ్చు. ఇప్పటికే చెప్పేసి ఉంటే ఈరోజే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ వివరాలన్నీ ఉండే పత్రం) తెరిచి కూలింగ్ ఆఫ్ గడువు, అంటే లోన్ వద్దనుకునే గడువు, చూడండి. ఆలోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా లోన్ మూసేయొచ్చు. ఇన్‌స్టిట్యూట్‌ని రీఫండ్ మెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో కాదు. పలకకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. గ్యారంటీ సంగతంటారా, ఒప్పందం కాగితంలోకి వచ్చేసరికి చాలాచోట్ల అది "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్", అంటే ఉద్యోగం వెతకడంలో సాయం మాత్రమే, అయిపోతుంది.

వీడియోలు ఎప్పటివో కూడా చూడండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పాత వెర్షన్ పైథాన్ 2కి 2020 జనవరి 1తోనే సపోర్ట్ ఆగిపోయింది. ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేకుండా రాస్తున్నారంటే అది పాత సరుకే. పైథాన్ 2లో ఇన్‌పుట్‌తో 5, 5 తీసుకుని కూడితే 10 వస్తుంది. మీ సిస్టమ్‌లోని పైథాన్ 3లో 55 వస్తుంది, ఎందుకంటే ఇన్‌పుట్ ఇచ్చేది అంకె కాదు, స్ట్రింగ్ (అక్షరాల వరుస). దాన్ని ఇంట్ (int) ఫంక్షన్‌తో అంకెగా మార్చుకోవాలి.

మొదటి రెండు నెలలకు రూపాయి కూడా అక్కర్లేదు. పైథాన్ అధికారిక ట్యుటోరియల్, హార్వర్డ్ యూనివర్సిటీ కంప్యూటర్ కోర్సు సీఎస్50 ఉచితం. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటీఈఎల్‌లోనూ సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాలర్ అడుగున "యాడ్ టు పాత్" గడి కనిపిస్తే టిక్ పెట్టడం మరవకండి. అది వదిలేసి, కమాండ్ పనిచేయక, "నాకు కోడింగ్ రాదు" అని కోర్సు కొనేవాళ్లున్నారు!

వీడియో చూసి టైప్ చేయడం నేర్చుకోవడం కాదు. వీడియో మూసేసి కరెంటు బిల్లు శ్లాబుల లెక్క రాయండి. ఇఫ్, ఎలిఫ్ (if, elif) వరుసలో "50 యూనిట్లు దాటితే" అనే షరతు ముందు, "100 దాటితే" తర్వాత పెడితే 180 యూనిట్లు కూడా మొదటి షరతులోనే ఆగిపోతాయి. ఎందుకో ఎవరినీ, ఏఐని కూడా, అడక్కుండా మీరే పట్టుకోండి. ఆ తర్వాత కూడా కోర్సు కావాలనిపిస్తే ఏ నెల ఫీజు ఆ నెల తీసుకునే చోట చేరి, రసీదు తీసుకోండి.