నెల్లూరులో కొన్న కోడియాక్ ఎలుగుబంటి చార్టు

ఉదయగిరి దగ్గరి మా పాఠశాలలో జీవశాస్త్రం గది కోసం గత నెల నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో 160 రూపాయలకు కోడియాక్ ఎలుగుబంటి చార్టు కొన్నాను. లామినేషన్ గట్టిగా ఉంది. అక్షరాలు చివరి బెంచీకి కూడా కనిపిస్తున్నాయి.

ఇందులో మెచ్చుకోదగినది పునరుత్పత్తిని చూపిన వరుస బొమ్మలు. ఆడ ఎలుగు మే, జూన్ నెలల్లో జతకట్టినా పిండం నవంబరు దాకా గర్భాశయానికి అంటుకోకుండా ఆగి ఉండడం, జనవరి, ఫిబ్రవరి నెలల్లో బొరియలో పుట్టే కూన అర కిలో కూడా తూగకపోవడం, అదే కూన మగదైతే పెరిగి 600 కిలోలు దాటగలగడం, ఇవన్నీ పిల్లలు తమంతట తామే చదువుకొని అర్థం చేసుకున్నారు.

నేపథ్యం మాత్రం తప్పు. అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో నైరుతి దిక్కున ఉన్న కోడియాక్ దీవులు సముద్రపు గాలి వల్ల వేసవిలో పచ్చగా ఉంటాయి; చిత్రకారుడు ధ్రువపు ఎలుగుబంటిని తలచుకున్నాడేమో, చుట్టూ మంచుగడ్డలు గీశాడు. దీనిని ప్రత్యేక జాతి అనడమూ సరికాదు. ఇది గోధుమరంగు ఎలుగుబంటిలో ఒక ఉపజాతి. సుమారు 12,000 ఏళ్లుగా మిగతా ఎలుగులతో కలవకుండా ఆ దీవుల్లోనే ఉండిపోయింది. ఇప్పుడున్నవి దాదాపు 3,500.

ఆహారం గురించి ‘సాల్మన్ చేపలు’ అని ఒక్క మాటతో ముగించడం నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా తోచింది. వసంతంలో గడ్డి మేసి, వేసవి చివర పండ్లు తినే జంతువిది. 2014లో వేడి ఎక్కువై ఎల్డర్‌బెర్రీలు అనే చిన్న పండ్లు త్వరగా పండి, చేపలు ఏరులెక్కే రోజులతో కలిసినప్పుడు, ఈ ఎలుగులు చేపలను వదిలి పండ్ల కోసం కొండవాలులకు వెళ్లిపోయాయి. మాంసకృత్తులు మితంగా ఉన్న పండ్లతోనే వాటికి కొవ్వు త్వరగా పడుతుంది. పర్యావరణ పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. దానికి చోటు లేదు గాని, ప్రచురణకర్తల ప్రకటనకు అడుగు మేర ఇచ్చారు.

“మన కొండల ఎలుగ్గొడ్డు కూడా చేపలు తింటుందా సార్?” అని ఒక పిల్లవాడు అడిగాడు. చెదలను పీల్చుకోవడానికి వీలుగా మన ఎలుగుబంటికి పైదవడ ముందు పళ్లు రెండు ఉండవని, రెండు ఎలుగులనూ పక్కపక్కన చూపి ఉంటే ఆ ప్రశ్నకు చార్టే జవాబు చెప్పేది. ప్రస్తుతానికి ఆ ప్రకటన మీద తెల్లకాగితం అంటించి, పిల్లల చేత ఎల్డర్‌బెర్రీ గుత్తిని గీయించాను.