గుండెల్లో మంటకు యాంటాసిడ్ సిరపా, పాంటొప్రజోల్ మాత్రా?

మందుల దుకాణంలో "గ్యాస్‌కు ఏదైనా ఇవ్వండి" అంటే ఈ రెండింటిలో ఒకటి చేతిలో పెడతారు. పనిచేసే తీరులో మాత్రం వాటికి పొంతన లేదు.

యాంటాసిడ్‌లోని మెగ్నీషియం, అల్యూమినియం లవణాలు కడుపులో అప్పటికే ఊరిన ఆమ్లాన్ని విరిచేస్తాయి. నిమిషాల్లో ఉపశమనం, గంటో రెండు గంటలో గడిస్తే ప్రభావం పోతుంది. పెళ్లి భోజనం తర్వాత ఎప్పుడో వచ్చే మంటకు ఇది చాలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా తాగకూడదు.

పాంటొప్రజోల్ ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తుంది. జీర్ణాశయం గోడలోని కణాల్లో ఆమ్లాన్ని బయటికి తోసే పంపులను మూసేస్తుంది. అవి భోజనంతో చురుకవుతాయి కాబట్టి మాత్రను తిండికి అరగంట ముందే వేసుకోవాలి. అన్నం తిని, మంట పుట్టాక మింగి "పనిచేయలేదు" అంటే తప్పు మాత్రది కాదు! పూర్తి ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. అల్సర్లకూ, వారంలో రెండు మూడుసార్లు వేధించే మంటకూ నా ఓటు దీనికే, అదీ వైద్యుడు చెప్పిన గడువు వరకే. ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. హఠాత్తుగా ఆపితే మంట తిరగబెట్టవచ్చు.

అల్సర్‌కు హెలికోబాక్టర్ పైలోరీ కారణమైతే రెండూ చాలవు, యాంటీబయాటిక్స్ కావాలి. ఈ బాక్టీరియా గుట్టు విప్పిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది.

మలం తారులా నల్లగా వచ్చినా, ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా ఈ పోలికతో పని లేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.